మిరుగం నాటి నాలుగు కొర్రమీన్లు

2024 జూన్. కిషన్‌బాగ్‌లో మా చేపల దుకాణం పెట్టి అప్పటికి ఇరవై రెండేళ్లు. అంతకుముందు మా అత్త గంప నెత్తిన పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. నేను పెళ్లయి వచ్చిన వారానికే కత్తిపీట ముందు కూర్చున్నాను. ఇన్నేళ్లలో ఎన్ని వేల చేపలు కోశానో నాకే తెలియదు. చేప గురించి నాకు తెలియనిది ఏముంటుందిలే అన్న గర్వం కూడా ఉండేది. ఆ ఏడు మిరుగం నాడు ఆ గర్వం దిగిపోయింది. ఆ రోజు సంగతే ఇది.

నగరంలో మనం కొనే చేప చాలావరకు హోల్‌సేల్ మార్కెట్ నుంచి వస్తుంది. ఎక్కడో పెంచి, థర్మకోల్ పెట్టెల్లో ఐసు వేసి, లారీల్లో పంపుతారు. కమీషన్ ఏజెంట్, అంటే మధ్యవర్తి, వేలం వేస్తాడు, మాలాంటివాళ్లం కొంటాం. ఆ చేప ఏ నీళ్లలో పెరిగిందో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. రెండుసార్లు నాకు మెత్తబడిన సరుకు అంటగట్టారు. నాకు నోరెక్కువ. మార్కెట్ నడిమధ్య పెద్ద లొల్లి పెట్టుకొని, ఇక మీ గడప తొక్కనని చెప్పి వచ్చేశాను. షాద్‌నగర్ దాటాక ఒక ఊళ్లో చెరువుంది. అక్కడి మత్స్యకారుల సొసైటీ దగ్గర నేరుగా కొనడం మొదలుపెట్టాను. ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే రేపే ఎవరో ఒకరు గాలం పట్టుకొని బయలుదేరతారు.

నేరుగా కొనడం వినడానికి బాగుంటుంది, చేయడానికి తలప్రాణం తోకకొస్తుంది. ఫోన్ చేస్తే గాలి ఎక్కువుంది, ఇవాళ వల వెయ్యం అంటారు. రవ్వ చేప కావాలంటే బొచ్చె చేప పడుతుంది. ఒకటి మూడు కిలోలుంటే ఇంకొకటి కిలోన్నర. అన్నీ ఒకే సైజు కావాలనే హోటలు వాళ్లు రెండు నెలల్లోనే నన్ను వదిలేశారు. కానీ చేప ప్రాణంతో వచ్చేది. డ్రమ్ముకు ఎరేటర్ బిగించాను. బ్యాటరీతో నీళ్లలోకి గాలి కొట్టే చిన్న మిషను అది. డ్రమ్ములో చేప ఎగిరిపడుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. 'మా చెరువు చేప' అని బోర్డు రాయించాను. ఆ బోర్డు మీదే అప్పటికి ఏడాదిగా నా బతుకు నడుస్తోంది.

మృగశిర కార్తె మొదలయ్యే రోజును మేం మిరుగం అంటాం. ఆ రోజు చేప వండని ఇల్లు మా వైపు తక్కువ. అందులోనూ మేం కొర్రమట్ట అని పిలిచే కొర్రమీనుకున్న గిరాకీ దేనికీ ఉండదు. మే నెల నుంచే అడగడం మొదలుపెట్టారు. గుడిమల్కాపూర్ మార్కెట్లో పూల దుకాణం నడిపే మాణిక్యం సేటు అందరికన్నా ముందు. ఏటా మొదటి కొర్రమీను ఆయనదే.

"ఈపారి మార్కెట్ మాల్ వద్దు అండాలూ. నీ చెరువు కొర్రమట్టనే కావాలె. మా అమ్మకు చెప్పి పెట్టిన," అన్నాడు.

"ఫికర్ చెయ్యకు సేటూ. నాది జబాన్," అని మాటిచ్చాను.

మిరుగానికి మూడు రోజుల ముందు చెరువు దగ్గరికి పోయాను. సొసైటీ పెద్ద పోశన్నకు డెబ్బై దాటాయి. మాట తక్కువ మనిషి. కట్ట మీద కూర్చొని వల బాగుచేసుకుంటున్నాడు.

"రవ్వ ఇస్త. బొచ్చె ఇస్త. కొర్రమట్ట మాత్రం లేదు," అన్నాడు తలెత్తకుండానే.

"గట్లంటే ఎట్ల బాపూ? మిరుగం నాడు కొర్రమట్ట లేకుంటే నా దుకాణం మొఖం ఎవలు సూస్తరు?"

"రెండు వానలు పడ్డయి. అవి పిల్లల్ని కాస్తున్నయి. మొదటి వాన నుంచి బతుకమ్మ దాంక ఈ చెరువుల కొర్రమట్టను ముట్టం."

"రేటు సంగతి సూద్దాం. నువ్వు చెప్పు."

"రేటు కాదు బిడ్డా. పిల్లలైనంక అది తిండి మానేస్తది. ఆకలికి గాలం పట్టది. పిల్లల మీదికి ఏదొచ్చినా కోపంతోటి కరుస్తది, గట్ల గాలానికి దొరుకుతది. దాన్ని పడితే పిల్లలు పొద్దు గూకేదాంక బతకయి. పెద్ద చేపలు, కొంగలు ఖతం చేస్తయి."

నేను నమ్మలేదు. పాతబస్తీ బజారులో పెరిగిన చెవులు నావి. మా దగ్గర 'లేదు' అన్నారంటే 'ఇంకొంచెం పెంచు' అని అర్థం. దుకాణం మెట్లు దిగిపోతున్నట్టు నటిస్తే వెనక్కి పిలుస్తారు. పోశన్న కూడా పిలుస్తాడని బండి వైపు మెల్లగా నడిచాను. ఆయన పిలవలేదు.

"ముసలాయన బెట్టు చేస్తున్నడు," అన్నాను ట్రాలీ ఆటో నడిపే ఖాజా భాయ్‌తో. ఏడాదిగా మా సరుకంతా తెచ్చేది ఆయనే.

ఖాజా తల అడ్డంగా ఊపాడు. "నై అక్కా, బుడ్డా సచ్ బోల్ రా. గాయన నిజమే చెప్తున్నడు."

ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది. శ్రీశైలం, పోశన్న తమ్ముడి కొడుకు. ఇద్దరు పిల్లల తండ్రి, సొసైటీలో సభ్యుడు. "అక్కా, నాలుగు నేనిస్త. పెదనాయనకు తెల్వద్దు. మిరుగం నాడు తెల్లారంగ తూము కాడికి రా," అన్నాడు. చూశావా, అంతా బెట్టేనని మనసులో అనుకున్నాను. సరే అన్నాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, ఈ తప్పు నూటికి నూరు పాళ్లూ నాదే.

మిరుగం నాడు తెల్లవారేసరికి చెరువు దగ్గరున్నాం. పోశన్న తన చేతులతో రవ్వ, బొచ్చె డ్రమ్ముల్లోకి ఎక్కించాడు. చివర్న ఒక పెద్ద బొచ్చెను విడిగా ఇచ్చి, "పండుగ గద బిడ్డా, ఇది మీ ఇంట్ల వండుకో," అన్నాడు. ఆయన కళ్లలోకి చూడలేకపోయాను. కట్ట దిగి తూము దగ్గరికి పోతే శ్రీశైలం తడి గోనెలో నాలుగు కొర్రమీన్లు తెచ్చి చిన్న డ్రమ్ములో వేశాడు. నిగనిగలాడుతున్నాయి. నాకు భయం పోయి సంతోషం వచ్చింది.

ఏడున్నరకు దుకాణం చేరేసరికి జనం రోడ్డు దాకా నిలబడ్డారు. మా ఆడబిడ్డ బాలమణి రవ్వలు కోస్తోంది. మాణిక్యం సేటు ముందే ఉన్నాడు. ఆయన చేయి పెట్టి చూపించిన కొర్రమీనును తీసి పీట మీద పెట్టాను.

వలలో పడ్డ చేపకు ఒంటి మీద పొలుసు రేగుతుంది. దీనికి ఎక్కడా గీత లేదు. పై పెదవికి మాత్రం గాలం గాయం ఉంది. సరేలే అనుకొని కడుపు కోశాను. కొర్రమీను ఆశపోతు. ఎప్పుడు కోసినా కడుపులో కప్పో, చిన్న చేపో, రొయ్యో ఏదో ఒకటి ఉంటుంది. దీని కడుపు సంచి ఖాళీగా, పలచగా అతుక్కుపోయి ఉంది. గుడ్లు కూడా లేవు. నా చెయ్యి ఆగిపోయింది. పోశన్న చెప్పిన ప్రతి మాటా నా కత్తిపీట మీద కనిపిస్తోంది.

"ఏమైంది అండాలూ? చేప ఖరాబా?" అన్నాడు సేటు.

"చేప మంచిదే సేటూ. నా బుద్ధే ఖరాబైంది."

డ్రమ్ములోకి చూశాను. మిగిలిన మూడూ పైకి వచ్చి గాలి మింగి కిందికి పోతున్నాయి. కొర్రమీను గాలి పీల్చుకొని బతుకుతుంది కాబట్టి వాటికి ఫికర్ లేదు. వాటి పిల్లలు చెరువులో ఉన్నాయి. పొద్దు గూకేదాకా బతకవని ముసలాయన చెప్పాడు. ఎనిమిది దాటింది. నేను లేచి చేతులు కడుక్కున్నాను.

"బాలమణీ, గల్లా, కత్తి రెండూ నువ్వే సూస్కో. ఖాజా భాయ్, బండి తియ్. వాపస్ చెరువుకు పోవాలె."

జనం ఒక్కసారి లొల్లి మొదలుపెట్టారు. మిరుగం నాడు దుకాణం వదిలిపోయే పిచ్చిది ఎవరైనా ఉంటుందా? సేటు దారికి అడ్డం నిలబడ్డాడు. "మా తమ్మునికి ఒకటి, బామ్మర్దికి ఒకటి చెప్పిన. గవి తీస్కొని ఏడికి?"

"వీటి పిల్లలున్నయి సేటూ ఆడ. పొద్దుగూకితే ఉండయి."

"పాగలైనవా? ఇరవై ఏండ్ల నుంచి నీ కాడ కొంటున్న. ఇయ్యాలటితోటి ఖతం," అని కోసిన చేప సంచిలో వేసుకొని, వెనక్కి చూడకుండా పోయాడు. ఆయన పోతే ఆయన చుట్టాలు కూడా పోతారు.

ఆరాంఘర్ చౌరస్తాలో ముప్పావుగంట ఇరుక్కున్నాం. నేను వెనక డ్రమ్ము పక్కనే కూర్చొని, ఎండ తగలకుండా తడి గోనె కప్పి పట్టుకున్నాను. శ్రీశైలానికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. మొదట ఎత్తలేదు, తర్వాత స్విచాఫ్ చేశాడు. ఏ చేప ఎక్కడ పట్టాడో అతనికొక్కడికే తెలుసు. అంత పెద్ద చెరువులో ఎక్కడో ఒకచోట వదిలితే పిల్లల దగ్గరికి ఎట్లా చేరతాయి? పోశన్నకు చెప్పక తప్పదు. చెబితే నాకు చేపలివ్వడం మానేస్తాడు, శ్రీశైలం సభ్యత్వం కూడా పోవచ్చు. ఖాజా దారంతా ఒక్కసారి కూడా 'చెప్పిన గద' అనలేదు. అన్నా బాగుండేది.

చేరేసరికి పదకొండు కావస్తోంది. పోశన్న కట్ట మీదే ఉన్నాడు. నిలబడే చెప్పేశాను, ఏదీ దాచలేదు. ఆయన లేచి వచ్చి డ్రమ్ములోకి తొంగి చూశాడు.

"నాలుగంటివి. మూడే ఉన్నయి."

"ఒకటి కోసిన బాపూ."

ఆయన తిట్టలేదు. మనిషిని పంపి శ్రీశైలాన్ని పిలిపించాడు. అతను తల వంచుకొని వచ్చి నిలబడ్డాడు. "ఏది ఏడ పట్టినవో చూపియ్యి. మిగిలిన ముచ్చట తర్వాత," అన్నాడు పోశన్న.

ముగ్గురం థర్మకోల్ తెప్ప ఎక్కాం. నాకు ఈత రాదు. డ్రమ్మును రెండు చేతులా వాటేసుకొని కూర్చున్నాను. తుంగ పక్కన శ్రీశైలం వేలు చూపించాడు. నీళ్ల మీద పళ్లెమంత మేర ఎర్రగా కదులుతోంది. దగ్గరికి పోతే అవన్నీ పిల్లలు. అగ్గిపుల్లంత కూడా లేవు. ఒక్కసారే పైకొచ్చి గాలి మింగి, ఒక్కసారే కిందికి పోతున్నాయి. ఇన్నేళ్లుగా కొర్రమీను కోస్తున్నాను, దాని పిల్లల్ని చూడటం అదే మొదటిసారి. పోశన్న చేపను రెండు చేతులతో నీళ్లలోకి దించాడు. అది కాసేపు కదలలేదు. తోక ఒక్కసారి విదిలించి కిందికి పోయింది. పిల్లలు చెదిరిపోయాయి. ఎంతసేపు గడిచిందో తెలియదు. ఎర్రటి పళ్లెం మళ్లీ మెల్లగా దగ్గరపడింది.

"పిల్లలు దొరికినయి దానికి," అన్నాడు పోశన్న.

రెండో చోట పిల్లలు సగం కూడా లేవు, తుంగ మొదళ్లలో అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి. అయినా వదిలాం. మూడో చోట మేం చూస్తుండగానే ఏదో పెద్ద చేప గుంపు మధ్యలో ఎగిరిపడింది. పోశన్న తొందరగా మూడోదాన్ని దించాడు. క్షణంలో నీళ్లు పెళ్లున చిమ్మాయి. ఆ పెద్ద చేప మళ్లీ పైకి రాలేదు.

తెప్ప తిప్పుతుంటే శ్రీశైలం ఆగాడు. "నాలుగోది గీడ పట్టిన," అన్నాడు చిన్నగా. అక్కడ నీళ్లు కదలకుండా ఉన్నాయి. పక్కన కర్ర మీద లకుముకి పిట్ట కూర్చొని ముక్కు తుడుచుకుంటోంది. నాకు ఏడుపు ఆగలేదు. చేపలు కోసి పిల్లల్ని సాకినదాన్ని, చేప కోసం ఏడుస్తానని ఎన్నడూ అనుకోలేదు.

కట్టెక్కాక పోశన్న అడిగాడు. "నేను లేదన్నప్పుడు నువ్వేమనుకున్నవ్ బిడ్డా?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "రేటు పెంచమంటున్నవ్ అనుకున్న బాపూ."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "మా దిక్కు 'లేదు' అంటే లేదనే."

శ్రీశైలాన్ని సొసైటీలోంచి తీసెయ్యలేదు. బతుకమ్మ దాకా వల ముట్టకుండా తుంగ దగ్గర కావలి ఉండమన్నారు. నాకు చేపలు ఆపలేదు. "మూడు వాపస్ తెచ్చినవ్," అన్నాడు పోశన్న, అంతే. ఆ ఏడు బతుకమ్మకు మొదటి కొర్రమీను వచ్చింది. కోస్తే కడుపులో రెండు కప్పపిల్లలు, ఒక చిన్న చేప ఉన్నాయి. బాలమణిని పిలిచి మరీ చూపించాను.

మరుసటి ఏడు మిరుగానికి దుకాణం ముందు ఇంకో బోర్డు పెట్టాను: 'కొర్రమట్ట లేదు. బతుకమ్మకు రండి.' చాలామంది చదివి పక్క దుకాణానికి పోయారు. పది దాటాక మాణిక్యం సేటు వచ్చాడు, ఏడాది తర్వాత. బోర్డు చదివి నవ్వాడు.

"నీ ఎత్తులు నాకు తెల్వయా అండాలూ? ఎంత పెంచాల్నో చెప్పు."

"లేదంటే లేదు సేటూ."

నేను పిలుస్తానని మెట్లు దిగి, మెల్లగా పూల బండి దాకా నడిచాడు. నేను రవ్వ కోసుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి తనే తిరిగొచ్చి, గొణుక్కుంటూ ఒక బొచ్చె చూపించాడు.

ఎవరైనా చేప ఎట్లా చూసి కొనాలని అడిగితే కళ్లు చూడండి, మొప్పలు చూడండి అని చెబుతుంటాను. నా మటుకు నేను కొర్రమీను పీట మీదికి రాగానే ముందు దాని పెదవి మీద గాలం గాయముందేమో చూస్తాను. ఆ తర్వాతే కత్తి మీద చెయ్యి వేస్తాను.