గేదెకు మా ఆయన గొంతు

మా ఆయన పోయాక మా గేదె నాకు పాలు చేపడం మానేసింది. ఆయన మాసిన చొక్కా నేను తొడుక్కుని కూర్చుంటే, ఆ వాసనకు ఆయనే అనుకుని ఇచ్చేది. పోయిన వేసవిలో మా కోడలు ఆ చొక్కాను సబ్బు పెట్టి ఉతికి ఆరేసింది. మర్నాడు గేదె నన్ను తన్నింది, చుక్క పాలు రాలలేదు. ఇట్లాగే ఉంటే సంతకు తోలేస్తానన్నాడు మా కొడుకు. నాకు అన్నం సయించలేదు.

సెలవులకు వచ్చిన మనవరాలు పీహెచ్‌డీ చేస్తోంది. ప్రపంచంలోని పరిశోధనలు ఊరికే చదువుకునే చోటు ఉందని ఫోన్ తీసింది. అందులో ఒకరు చీమల నడక మీద రాశారట, ఒకరు టీ మరక ఎండే తీరు మీద, ఇంకొకరు ఆవలింతల మీద.

"ఏమే, వీళ్లకు వేరే పనేం లేదా?"

"ఉండు నాయనమ్మా, గేదెల మీద కూడా ఉంది. అలవాటైన గొంతు వింటే చేపుతాయంట. తాతయ్య దీంతో ఏం మాట్లాడేవాడు?"

"మాట్లాడేదేంది, తిట్టేవాడు."

"అయితే నువ్వూ తిట్టు."

నా గొంతు మొదటినుంచీ బొంగురే. పొదుగు దగ్గర కూర్చుని ఆయన తిట్లన్నీ వరసగా అందుకున్నాను. "నిన్ను పిడుగురాళ్ల సున్నపుబట్టీలో పడేస్తానే" అనేసరికి గేదె చెవులు వాల్చింది. చెంబులోకి పాలు చర్రున దూకాయి.

సంత మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. దీన్ని కూడా రాసి అందులో పెడతానంటోంది మనవరాలు.

"పెట్టుకో. తిట్లు మాత్రం మీ తాతవని రాయి, చానా మంది చదువుతారంటున్నావు."