కొడితేనే పలికే పేరు

“ఒక్కపాలి నన్ను పేరెట్టి పిలవ్వే అమ్మీ,” అంది మా తోటికోడలు.

“నువ్వు కొట్టనేదు కదక్కా,” అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు అవే. రాయగడ ఆసుపత్రిలో, కిటికీ పక్క మంచం మీద, పొద్దుటి ఎండ కాళ్ల మీద పడుతుండగా ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. నేను మందు పోసిన గ్లాసు కడిగి బోర్లించి బయటికి వచ్చేశాను. మర్నాటికి ఆమె లేదు. ఆ మాట అన్నందుకు ఏడ్చావా అని ఎవరైనా అడిగితే ఏడవలేదనే చెబుతాను. సిగ్గుపడే వయసు దాటిపోయింది నాకు.

ఇన్నేళ్ల తరవాత దీన్ని తవ్వుకోవడానికి కారణం మొన్న ఆదివారం మా ముందుగదిలో పిల్లలు ఆడిన ఆట. నాకు సంతకం వరకే వచ్చు, అక్షరాలు కూడబలుక్కునేసరికి కళ్లలో నీళ్లు కారతాయి, అందుకని నోటితో చెబుతుంటే ఒక పిల్ల రాస్తోంది. ఈ పిల్ల ఆ తోటికోడలి కూతురికి కూతురు. నాకు మనవరాలి వరస. ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూ నా దగ్గరే ఉంటోంది. వాళ్ల అమ్మమ్మ గురించి నేను చెప్పేది విని ఇప్పటికే రెండుసార్లు కలం ఆపింది. ఆపకే అమ్మీ, రాయి.

ఆదివారం మధ్యాహ్నం ఈ పిల్లా, దీని స్నేహితులు ముగ్గురూ చాప పరుచుకుని ఉత్త మాటలతో యుద్ధం చేసుకునే ఆట ఒకటి ఆడారు. ఒకరు రాక్షసుల తరఫున కథ చెబుతారు, మిగతావాళ్లు ఒకరు కత్తి పట్టినవాడు, ఒకరు మంత్రగత్తె అనుకుంటారు, దెబ్బ తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక వేసి తేల్చుకుంటారు. మా పిల్ల మంత్రగత్తె. దాని దగ్గర ఒక రక్ష ఉందట, దాని మీద పెద్ద కొట్లాట జరిగింది. అది వేసుకుంటే ఒంటి మీద మంచులాంటి పొర కడుతుంది, ఎవరైనా దగ్గరికొచ్చి కొడితే ఆ దెబ్బని ముందు ఆ పొరే తింటుంది, కొట్టినవాడికి మాత్రం అక్కడికక్కడే చురక తగులుతుంది, అందుకు మంత్రగత్తె తన వంతు వచ్చేదాకా ఆగక్కర్లేదు, పాచిక వెయ్యక్కర్లేదు, చెయ్యి కదపక్కర్లేదు. దూరం నుంచి బాణం వేసినవాణ్ణి మటుకు అది ఏమీ చెయ్యలేదు. పొర అరిగిపోతే రక్ష కూడా పోతుంది. ఇంకొకటి, దాంతో నువ్వు ముందుగా ఎవరినీ కొట్టలేవు, వాడు కొట్టాలి, అప్పుడే అది లేస్తుంది. ఇదేం మంత్రం, ముందు దెబ్బ తినాలిగా అని ఒక స్నేహితురాలు వెక్కిరించింది.

చాటలో బియ్యం ఏరుకుంటూ విన్నదాన్ని ఊరుకోలేకపోయాను. “ఆ మంత్రం నాకాడ ఉండేదర్రా,” అన్నాను.

“ఏ లెవెలు సిన్నమ్మమ్మా?” అంది ఈ పిల్ల, నవ్వుతూ.

“మాచ్‌ఖండ్ లెవెలు,” అన్నాను. మిగతావాళ్లు పడీ పడీ నవ్వారు. ఇది మాత్రం నవ్వు ఆపి నా మొహంలోకి చూసింది, వాళ్లమ్మ ఎప్పుడైనా ఏదైనా చెప్పిందేమో నాకు తెలియదు.

నేను మాచ్‌ఖండ్‌కి కాపురానికి వెళ్లేసరికి అరవైలు సగం దాటాయి, ఒడిశా కొండల్లో కరెంటు తీసే ప్రాజెక్టు అది. మా ఆయన పవర్‌హౌసులో టెంపరరీ హెల్పరు, పొద్దున్నే ఇనపతాడుతో లాగే వించి బండి మీద లోయలోకి దిగితే మళ్లీ సాయంత్రానికే పైకి రావడం. క్వార్టరు మాది కాదు, మా బావగారిది. ఆయన పర్మనెంటు మనిషి, పెద్ద ఉద్యోగం కాకపోయినా ఇల్లిచ్చేపాటి ఉద్యోగం. ఆ ఇంట్లో ముందుగది మాకు, లోపలి గది వాళ్లకి, వంటిల్లు మా తోటికోడలిది. ప్రాజెక్టు క్వార్టర్లలో కాపురం చేసిన నా ఈడువాళ్లకి ఆ ఇళ్ల సంగతి చెప్పక్కర్లేదు. వరసగా ఒకే రేకుల కప్పు, ఇంటికీ ఇంటికీ మధ్య గోడ కప్పుదాకా పోదు, పైన జానెడు ఖాళీ ఉంటుంది. ఈ చివరింట్లో పోపు వేస్తే ఆ చివరింట్లో తుమ్మేవాళ్లు. ఎవరింట్లో ఏ మాట నడిచినా వరసంతా వినేది, విననట్టు ఉండేది.

అందుకే మా తోటికోడలు చప్పుడు కాకుండా కొట్టేది. అన్నం మెత్తబడితే ఒకటి, నీళ్లబిందె తొణికితే ఒకటి, ఒక్కోరోజు ఏమీ లేకపోయినా ఒకటి. గుప్పిలి బిగించి వీపు మీద, అట్లకాడ తిరగేసి జబ్బ మీద, జాకెట్టు కప్పేచోట చూసి మరీ కొట్టేది. మొహం ప్రశాంతంగా, దణ్ణం పెట్టుకుంటున్నదానిలా ఉండేది. “కిక్కురుమన్నావంటే మీ అమ్మకాడికి పంపేత్తాను,” అని చెవిలో అనేది. మా అమ్మ పార్వతీపురం దగ్గర పల్లెలో అన్నయ్యల పంచన ఉండేది, పెద్దవదిన పెట్టింది తినేది, అక్కడ ఇంకో కంచానికి చోటు లేదు. మా ఆయనకి వీపు చూపిస్తే కళ్లు దించుకుని, “ఓర్సుకోయే, ఇల్లు మనది కాదు గదా, నువ్వు సెయ్యెత్తిన్నాడు మనం రోడ్డు మీదే,” అనేవాడు. ఆయన మీద నాకు కోపం లేదనను. కానీ ఆయన చెప్పింది నిజం. నేను చెయ్యెత్తకూడదు, నోరెత్తకూడదు, ఇల్లు వదలకూడదు. ఇక మిగిలింది ఏమిటి?

గురువారం సంతలో చీపుళ్లు అమ్మే కొండ ముసలామె ఒకావిడ ఉండేది, ఒడియాలాంటి దేశియా భాష మాట్లాడేది. చీపురు అందుకోబోతుంటే జాకెట్టు చెయ్యి పైకి జరిగి, నా జబ్బ మీది నల్లటి చారలు ఆమె కంట పడ్డాయి. తన నడుముకున్న దారపు కండెలోంచి నల్లదారం తెంపి, నోటి దగ్గర పెట్టుకుని ఏదో గొణిగి, నా మోచేతి పైన కట్టింది. కట్టి, నా గడ్డం పట్టుకుని ఒక మాట రెండుసార్లు చెప్పింది. “మారిలే ఫేరిబొ.”

అప్పటికి నాకు ఆ భాషలో ఉప్పు, మిరపకాయ, ఎంత, తగ్గించు, ఇవే తెలుసు. దారంతా ఆ మాటని నోట్లో తిప్పుకుంటూ కొండెక్కాను. మారిలే అంటే మారితే అనుకున్నాను. ఫేరు అంటే పేరు కాక ఇంకేమిటి అనుకున్నాను. ఆమె మొహం మారితే పేరు చెప్పు, చెయ్యి లేచినప్పుడు కొట్టేదాని పేరు పలుకు, అదీ మంత్రం అని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. ఆ రోజుల్లో చిన్నకోడలు పెద్దకోడల్ని పేరు పెట్టి పిలవడమంటే మాటలా! అక్కా అనాలి, లేదా ఊరుకోవాలి. ఆమె పేరు నా నోట్లోకి అంతవరకూ రాలేదు. అసలు ఆ కాలనీలో ఆమెకి పేరుందని ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

మర్నాడు పొద్దున్నే బావగారి క్యారేజీలో పప్పు చారులా ఉందని అట్లకాడ తిరగేసింది. జబ్బ మీద పడింది. నేను కదలలేదు, అడ్డం పెట్టుకోలేదు. రేషను డిపోలో కార్డులు చూసి పేర్లు చదివే మనిషి ఎలా పిలుస్తాడో అలా, ఇంటిపేరుతో సహా, చివర గారు పెట్టి, గొంతెత్తి “______ గారూ!” అని ఆమె పేరు పిలిచాను. నా గొంతు అప్పటికే ఇంత మొరటు గొంతు. రేకులు మోగాయి. పక్కింట్లో గిన్నె తోముతున్న చప్పుడు టక్కున ఆగింది. ఆమె బిత్తరపోయి ఇంకొకటి వేసింది, నేను ఇంకోసారి పిలిచాను. అప్పుడు గోడ పైనుంచి, పక్కింటి టీచరమ్మ, కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవుల మనిషి, ఎంతో మర్యాదగా అడిగింది.

“ఏవండీ, మిమ్మల్నెవరో పేరు పెట్టి పిలుస్తున్నారు, పలకరేంటండీ?”

మా తోటికోడలు అట్లకాడ పొయ్యి గట్టు మీద పెట్టి, “ఏటీ నేదండీ,” అంది. ఆ రెండు మాటలూ ఆమె నోట్లోంచి వచ్చినప్పుడు ఆమె మొహం చూశాను నేను. పండగ రోజు నోట్లో పెట్టుకున్న అరిసె కూడా నాకు అంత తియ్యగా లేదు.

ఆ తరవాత నాకు నేర్పేవాళ్లు అక్కర్లేదు. కొడితే పిలిచేదాన్ని. ఎన్ని దెబ్బలు పడితే అన్నిసార్లు, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. తిట్టేదాన్ని కాదు, ఏడ్చేదాన్ని కాదు, దెబ్బ పడకుండా ఎప్పుడూ పిలిచేదాన్ని కాదు. మిగతావేళల్లో అక్కా అక్కా అంటూ మెత్తగా తిరిగేదాన్ని. పెద్దదాన్ని పేరు పెట్టి పిలుస్తుందని బావగారి దగ్గర చెప్పుకుందట. ఎప్పుడు పిలిచింది అని ఆయన అడిగితే ఏం చెబుతుంది?

కుళాయి దగ్గర సంగతి వేరే చెప్పాలి. బొబ్బిలి నుంచి వచ్చిన ఒకామె దుప్పటి ముద్ద చేసి బండ మీద ఒక్క దెబ్బ వేసి, “______!” అని మా తోటికోడలి పేరు పిలిచి, “ఓలమ్మో, పలికిందర్రా!” అంది. బిందెలు పట్టుకున్న ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. అక్కడి నుంచి ఎవరు బట్ట బాదినా ఆ పేరే. చాపకి దుమ్ము దులిపినా ఆ పేరే. నేను నవ్వకుండా బిందె నింపుకుని వచ్చేదాన్ని, మలుపు తిరిగాక మాత్రం కడుపు పట్టుకుని నవ్వుకునేదాన్ని.

ఆమె తెలివితక్కువది కాదు. కొట్టడం మానేసి దూరం నుంచి బాణాలు వెయ్యడం మొదలుపెట్టింది. నా చేతికి దారం ఉందని, నేను చిల్లంగి, చేతబడి నేర్చుకొచ్చానని, మా అమ్మది అదే వంశమని వరసలో చెప్పించింది. అవి నాకు తగిలాయి, నా రక్ష వాటి మీద పనిచెయ్యలేదు. పిల్లలు ఆటలో ఆ నియమం చెప్పినప్పుడు నా చేతిలో చాట ఆగిపోయింది అందుకే. ఇద్దరు ముగ్గురు నన్ను తప్పుకుని నడిచారు. కోపం దాచుకోలేక మళ్లీ అప్పుడప్పుడు చెయ్యెత్తేది, మళ్లీ వరసంతా వినేది.

ఆ చలికాలం ఒక సాయంత్రం, వరస ముందున్న ఖాళీస్థలంలో పిల్లలు ఏడుపెంకులాట ఆడుతున్నారు. బంతి వీపున తగిలినవాళ్లల్లా ఒక కేక వేస్తున్నారు. ఆ కేక ఆమె పేరు. పెద్దవాళ్ల దగ్గర విని ఆటలో కలిపేసుకున్నారు, అది ఒక మనిషి పేరని కూడా వాళ్లలో సగంమందికి తెలియదు. మా తోటికోడలు గుమ్మంలో కూచుని చింతపండు ఈనెలు తీస్తోంది. బంతి వచ్చి ఆరేళ్ల ఆమె కూతురి వీపున తగిలింది. ఆ పిల్ల గెంతి, నవ్వుతూ, గొంతు చించుకుని “______!” అని వాళ్లమ్మ పేరు అరిచింది. వాళ్లమ్మని అమ్మ అనడమే తప్ప దానికి పేరు తెలియదు.

మా తోటికోడలు లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు తరవాత నా మీద చెయ్యి వెయ్యలేదు. నీళ్లకి మిట్టమధ్యాహ్నం, కుళాయి దగ్గర ఎవరూ లేనప్పుడు వెళ్లేది. ఆ పూట నేను రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాను, అది కూడా రాయి.

బావగారు మమ్మల్ని వెళ్లగొట్టలేదు, వెళ్లగొడితే వరస ఏమంటుందో ఆయనకి తెలుసు. తరవాత మా ఆయన పర్మనెంటు అయ్యాడు, అదే వరసలో చివర మాకూ ఒక ఇల్లు వచ్చింది. దారం ఒకరోజు స్నానం చేస్తుంటే చివికి తెగిపోయింది. పొర అరిగిపోయింది, దాంతో పని కూడా లేదు.

కొన్నేళ్లకి రెండు కుటుంబాలూ రాయగడ చేరాం. నేను ఆసుపత్రిలో ఆయాగా కుదిరి ఒడియా బాగా నేర్చుకున్నాను. ఒకసారి బిస్సమ్ కటక్ నుంచి వస్తుంటే బస్సు దగ్గర కండక్టరు, ఫేరిబా బస్సు ఇదే, ఎక్కండి అని కేకలు పెడుతున్నాడు. తిరిగి వెళ్లే బస్సు. మెట్టు మీద ఒక కాలు పెట్టి అలాగే నిలబడిపోయాను. ఫేరిబొ అంటే తిరిగొస్తుంది. మారిలే ఫేరిబొ, కొడితే తిరిగొస్తుంది. ఆ ముసలామె చెప్పింది అంతే. పేరు ఊసే లేదు అందులో. పేరు పలకడమనేది నేను విని తెచ్చుకున్నది కాదు, నాలోంచి తీసింది. వెనకవాళ్లు తోస్తున్నా నాకు నవ్వాగలేదు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు లేదులే. మా తోటికోడలు జబ్బుపడి నేను పనిచేసే వార్డుకే వచ్చింది. అప్పటికి బావగారు పోయారు, ఆమె తల్లి పోయింది, తోడబుట్టినవాళ్లు లేరు. రాయగడలో ఆమె ఫలానా పిల్ల తల్లి, ఫలానా ఇంటావిడ. మాచ్‌ఖండ్ ఆడవాళ్లకేమో ఆ పేరు బండ మీద బట్ట చప్పుడు. ఆమెని పేరు పెట్టి పిలిచిన నోళ్లలో మిగిలింది నాదొక్కటే. అందుకే అడిగింది. నేను ఇవ్వలేదు. అడిగినది చిన్నదని తెలిసే ఇవ్వలేదు. నా జబ్బ మీద ఆ చార ఇప్పటికీ ఉంది, చలికాలం సలుపుతుంది.

ఇప్పటి ఇళ్లలో గోడలు కప్పుదాకా ఉంటున్నాయి. పక్కింట్లో ఎవరైనా ఎవరినైనా కొడితే వినపడదు, వినపడినా టీచరమ్మలా అడిగేవాళ్లు లేరు. మా రోజుల్లో జానెడు ఖాళీ ఉండేది, అందులోంచి పోపు వాసనా వచ్చేది, న్యాయమూ వచ్చేది. ఆ ఖాళీలోంచి నేను పంపిన పేరు ఎక్కడెక్కడికి పోయిందో తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నాకే అంతు తెలియదు. ఏడుపెంకులాటలో ఆ పేరు అరిచిన పిల్ల పెద్దదై, పెళ్లయి, తన కూతురికి ఆ పేరే పెట్టుకుంది. ఆ కూతురే ఇది రాస్తోంది. ఇది పుట్టిన దగ్గర నుంచి నేను దీన్ని అమ్మీ అనే తప్ప పేరు పెట్టి పిలవలేదు. ఎందుకని ఎన్నోసార్లు అడిగింది. ఇదిగో, ఇప్పుడు తెలిసింది.

కలం కింద పెట్టకే. పేరు వచ్చిన చోటల్లా గీత గీసి వదిలెయ్యమన్నాను, వదిలేశావు. ఏ ముక్కైనా మెత్తగా మార్చావేమో నాకు తెలియదు, నాకు చదవడం రాదు. మొదటి నుంచీ చదివి వినిపించు. గీతలున్న చోట నీ పేరు పెట్టి చదువు, గట్టిగా. ఇవాళ ఎవరూ ఎవరినీ కొట్టలేదు. చదువు, వింటాను.