వంకాయ రంగు గొడుగు

మా పిన్ని ఇంట్లో అన్నం తినే బల్ల ఒకటుంది. దాని మీద అన్నం తిన్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. వాళ్లు కింది వాటాలో, మేము పై వాటాలో ఉంటాం; రోజులో సగం ఆ మెట్ల మీదే గడుపుతాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను. బల్ల నిండా గుడ్డముక్కలే. టైలర్ల దగ్గర మిగిలిపోయినవి, చిరిగిపోయిన చొక్కాలవి, ఇంకా చిరగని చొక్కాలవి కూడా. ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటారు. ముద్దలో దారప్పోగు వస్తే ఎవరూ ఏమీ అనరు, తీసి పక్కన పెట్టి మళ్లీ తింటారు.

పిన్ని ఆ ముక్కల్ని కత్తిరించి, పెద్ద గుడ్డ మీద పేర్చి, అంచు వెంబడి సన్నగా కుట్టి బొమ్మలు చేస్తుంది. ఇళ్లు, బస్సులు, తీగ మీద ఆరేసిన బట్టలు, వాటి నీడలో పడుకున్న కుక్క. పాత దిండు గలీబు ఆమె చేతిలో పడితే మబ్బయి కూర్చుంటుంది. ఇంట్లో గోడకు తగిలించుకుంటామని జనం అడిగి మరీ పట్టుకుపోతారు. ఇంట్లోవాళ్లకు మాత్రం ఆ పనంటే గౌరవం కన్నా భయం ఎక్కువ. వాళ్లమ్మాయిని మేమంతా పిచ్చిక అంటాం, క్షణం నోరు మూయదు కాబట్టి. ఆ పిల్ల స్కూలు నుంచి రాగానే ముందు అలమార తెరిచి తన గౌన్లన్నీ ఉన్నాయో లేదో చూసుకుంటుంది. పిన్ని అత్తగారు మంచి చీరలన్నీ తలగడ కింద పెట్టుకుని పడుకుంటుంది. "నా కోడలు బంగారమే, గుడ్డ కనపడనంతవరకు" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

ఇక బాబాయి సంగతి. ఆయనకు లారీలు తూచే కాటా దగ్గర ఉద్యోగం. అద్దాల గదిలో కూర్చుని బరువు చెబుతాడు. ఆయన ఒక అంకె చెప్పాడంటే డ్రైవరూ, సరుకు అమ్మినవాడూ, కొన్నవాడూ, ముగ్గురూ నోరు మూసుకుని ఒప్పుకోవాల్సిందే. అక్కడ ఆయన మాటకు తిరుగులేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని పెద్దలు ఎవరిని చూసి అన్నారో గానీ, మా బాబాయి పుట్టకముందే ఆయనకు కుదిరేలా అన్నారు.

ఎందుకంటే పిన్నికి గీయడం వచ్చు, కుట్టడం వచ్చు, రంగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగిపోతుంది. ఎటూ తేల్చుకోలేక రెండు ముక్కలు రెండు చేతుల్లో ఎత్తి పట్టుకుంటుంది. సాయంత్రం పూట బాబాయి ఆ బల్ల పక్కనే కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ ఉంటాడు.

"ఏమండీ, ఇదా, అదా?"

బాబాయి పేపరు కాస్త దించి చూస్తాడు. "అది" అంటాడు. పిన్ని "ఊఁ" అని బుద్ధిగా తలూపుతుంది. తర్వాత చడీచప్పుడూ లేకుండా రెండోది తీసి కుడుతుంది.

పెళ్లయిన కొత్తలో ఆయన చెప్పినవే కుట్టేదట. అప్పటి బొమ్మలు అత్తగారి మంచం కింద బోర్లించి ఉన్నాయి. చూడాలంటే కొంచెం గుండె ధైర్యం కావాలి. ఒకసారి వీధి తలుపుకు రంగు కూడా బాబాయే ఎంచాడు. అది చూసి మందుల షాపనుకుని దారినపోయేవాళ్లు లోపలికి వచ్చి, జ్వరం మాత్రలు ఉన్నాయా అని అడిగేవాళ్లు. అలా కొన్నాళ్లు గడిచాక పిన్నికి ఒక విషయం అర్థమైంది. ఈ మనిషి అప్పుడప్పుడు తప్పు చెప్పడం లేదు, ఎప్పుడూ తప్పే చెబుతున్నాడు. అంత నమ్మకంగా తప్పు చెప్పే మొగుడు అందరికీ దొరకడు. ఎడ్డెమంటే తెడ్డెమనడం కొందరికి గుణం. మా పిన్నికి అదే పనితనం.

బాబాయికి ఇదేమీ తెలియదు. బొమ్మ పూర్తయ్యాక ఎదురుగా నిలబడి, "నేను చెప్పిందేగా వేశావు" అని అడిగేవాడు. తను ఏం చెప్పాడో ఆయనకే గుర్తుండదు.

"మీరు లేకపోతే ఈ రంగు కుదిరేదా అండీ" అనేది పిన్ని. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. బాబాయి మీసం సవరించుకునేవాడు. ఇద్దరూ హాయిగా ఉన్నారు, మధ్యలో మనకెందుకని మేమూ ఊరుకున్నాం.

అలా ఉండగా ఊళ్లో లైబ్రరీవాళ్లు పిల్లల కోసం కొత్తగా ఒక గది కట్టారు. దాని గోడకు పెద్ద బొమ్మ కావాలని లైబ్రేరియనమ్మ వచ్చి పిన్నిని అడిగింది. పదిమంది చూసే చోట పిన్ని బొమ్మ పెట్టడం అదే మొదలు. వాన పడుతున్న వీధి కుడతానంది. గోడలు, రోడ్డు, ఆకాశం, అన్నీ బూడిద రంగులూ మసక నీలాలూ. నడుమ ఒక గొడుగు, దాని కింద ఇద్దరు మనుషులు. చూసేవాళ్ల కన్ను ముందు ఆ గొడుగు మీదే పడాలి. అందుకని దాని చోటు ఖాళీగా ఉంచి చుట్టూ అంతా కుట్టుకుంటూ వచ్చింది.

సగం పైగా అయ్యాక చూసిపోదామని లైబ్రేరియనమ్మ మళ్లీ వచ్చింది. గుడ్డలు లేని కుర్చీ ఒక్కటే ఉంటే అందులో కూర్చోబెట్టాం. ఆవిడ బొమ్మను చూసి చూసి, "రంగులు ఇంత బాగా ఎలా ఎంచుతారండీ" అని అడిగింది.

పొగిడితే పిన్ని తట్టుకోలేదు. నోరు జారింది. "నాదేముందండీ, మా ఆయన్ని అడుగుతాను. ఆయన ఏది బాగుందంటే అది అవతల పారేసి, రెండోది కుడతాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు."

ఆవిడ పగలబడి నవ్వింది. పిచ్చిక నవ్వింది, అత్తగారు నవ్వింది, నేనూ నవ్వాను. అప్పుడు చూశాం, బాబాయి టీ కప్పులు పట్టుకుని వంటింటి గుమ్మంలో ఉన్నాడు. ఆయనా నవ్వాడు. అందరికన్నా కాస్త గట్టిగానే నవ్వాడు. కప్పులు అందించి, "చక్కెర సరిపోయిందా అండీ" అని లైబ్రేరియనమ్మను అడిగాడు. ఆవిడ సరిపోయిందంది. తర్వాత ఆయన ఖాళీ పళ్లెం పట్టుకుని లోపలికి వెళ్లి, ఆవిడ వెళ్లేదాకా బయటికి రాలేదు.

మర్నాడు సాయంత్రం పిన్ని ఎరుపూ పసుపూ రెండు ముక్కలు ఎత్తి పట్టుకుంది. "ఏమండీ, గొడుక్కి ఇదా, అదా?"

"నీ ఇష్టం" అన్నాడు బాబాయి.

కోపంగా అనలేదు. కోపంగా అంటే పిన్ని కూడా నాలుగు మాటలు అని తేల్చుకునేది. ఆ తర్వాత కూడా ఆయన అన్నం తిన్నాడు, కబుర్లు చెప్పాడు, దారపుండలు కావాలంటే తెచ్చిపెట్టాడు. రంగు మాట ఎత్తితే మాత్రం "నీ ఇష్టం". కుర్చీ తీసుకెళ్లి కిటికీ దగ్గర వేసుకున్నాడు, అక్కడైతే వెలుతురు బాగుందట. చొక్కాలు కూడా తెల్లవి తప్ప వేరేవి వేసుకోవడం మానేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారే, ఆ తెల్ల చొక్కాలు తీగ మీద ఆరేసినప్పుడల్లా పిన్నికి ఆ మాట గుర్తొచ్చేది.

గొడుగు కుట్టక తప్పదు కదా అని పిన్ని మమ్మల్ని అడిగింది. పిచ్చిక ఎరుపంది, కాసేపయ్యాక పసుపంది. అత్తగారు తన చీర జోలికి రానంతవరకు ఏదైనా ఫరవాలేదంది. నేను శ్రద్ధగా ఆలోచించి చెప్పాను. పిన్ని నావంక జాలిగా చూసింది.

"నువ్వు ఒకసారి సరిగ్గా చెబుతావు, ఒకసారి తప్పు చెబుతావు. నిన్ను నమ్ముకుని ఏం కుట్టను?" అంది.

నాకు ఒళ్లు మండింది గానీ, మాట నిజమే. ముక్కలు రెండూ బల్ల మీద పడేసి, పిన్ని కిటికీ వైపు చూస్తూ గొంతు తగ్గించింది.

"గొడుగు సంగతి అటుంచవే. నేను ఇన్నేళ్లుగా ఆయన్ని పిలిచింది రంగు కోసమే అనుకుంటున్నాడు. పొద్దంతా ఇంటిపని, సాయంత్రమైతే ఈ గుడ్డలు. ఆయనతో మాట్లాడటానికి నాకు దొరికిందే ఆ 'ఇదా, అదా'. ఇప్పుడు అదీ పోయింది. పక్కన కూర్చోవడమే మానేశాడు."

అప్పటిదాకా దాన్ని వేళాకోళంగా తీసుకున్న నేను, ఆ ముక్కలు రెండూ తీసి జాగ్రత్తగా మడతపెట్టాను. మర్నాడు పిన్ని తనే కిటికీ దగ్గరికి వెళ్లింది.

"ఏమండీ, ఈసారి మీరు ఏది చెబితే అదే కుడతాను. ఒట్టు."

"నాకు రంగులు తెలియవని లైబ్రరీ దాకా తెలిసిపోయిందిగా. ఇంకా నన్నెందుకు అడగడం?" అన్నాడు బాబాయి. ఆ మాట ఆయన నోట రావడానికి అన్నాళ్లు పట్టింది.

"తెలియకపోతే పోనీండి. నాకు మీరు చెప్పిందే కావాలి."

బాబాయి పేపరు మడిచి పక్కన పెట్టి, చెయ్యి చాపి ముక్కలు రెండూ తీసుకున్నాడు.

ఇన్నేళ్లూ క్షణం ఆలోచించకుండా రంగులు చెప్పిన మనిషికి, ఆ మాట నిజంగా కుట్టేస్తారని తెలిసేసరికి నిద్ర కరువైంది. ముక్కల్ని జేబులో పెట్టుకుని కాటాకు తీసుకెళ్లాడు. వచ్చిన ప్రతి డ్రైవరుకూ బరువు చెప్పి, వెంటనే ఆ రెండూ చూపించి "ఏది?" అని అడిగేవాడు. డ్రైవర్లు రెండు పార్టీలయ్యారు. ఎరుపువాళ్లు పసుపువాళ్లతో వాదనకు దిగితే వెనక లారీలు బారులు తీరి హారన్లు కొట్టేవి. సిమెంటు లారీవాడు, అసలు గొడుగంటే నలుపేనని చెప్పి మూడో పార్టీ పెట్టాడు. బాబాయి అందరి మాటా విని, ఇంకా అయోమయంలో పడి ఇంటికొచ్చేవాడు. పిన్ని తొందరపెట్టలేదు. తొందరపెట్టింది లైబ్రేరియనమ్మే.

ఆఖరికి ఒక సెలవు రోజు పొద్దున బాబాయి అటక ఎక్కి పాత పెట్టె దించాడు. అడుగు నుంచి ఒక గుడ్డ తీశాడు. ఎప్పుడో తన ఇష్టంతో కొనుక్కొచ్చి, ఇంట్లో అందరూ నవ్వితే కుట్టించుకోకుండా దాచేసిన చొక్కా గుడ్డ. వంకాయ రంగు, మీద బూడిద గళ్లు. తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది" అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. నవ్వు కాదు గానీ, అలాంటిదేదో వచ్చి తల తిప్పుకున్నాను. పిన్ని గుడ్డను అరచేత్తో సాపు చేసింది, వెలుతురుకు పట్టి చూసింది, "ఊఁ" అంది. కత్తెర తీసి, ఆయన ఎదురుగానే గొడుగు ఆకారానికి కత్తిరించింది. అంత సన్నటి కుట్టు ఆమె ఆ బొమ్మలో ఇంకెక్కడా వేయలేదు. బాబాయి కిటికీ దగ్గరి కుర్చీ తెచ్చుకుని బల్ల పక్కన కూర్చుని, గుడ్డ జారకుండా ఒక కొస పట్టుకున్నాడు.

కొత్త గది తెరిచిన రోజు బొమ్మను ఎదురుగోడకు తగిలించారు. దగ్గరి నుంచి చూస్తే ప్రతి వాన చినుకూ కనపడుతుంది. నాలుగడుగులు వెనక్కి వేస్తే వంకాయ రంగూ గళ్లూ కలిసి ఆ మసక వానలోకి ఇంకిపోయి, గొడుగన్నది మాయమవుతుంది. ఒక చిన్నపిల్ల వేలు చూపించి, "వాళ్లిద్దరూ కర్ర పట్టుకుని వానలో ఎందుకు తడుస్తున్నారు?" అని అడిగింది. లైబ్రేరియనమ్మ "చాలా" అని కాసేపు ఆగి, "చాలా బాగుంది" అంది. పెద్దవాళ్లంతా పుస్తకాల వైపు చూడటం మొదలుపెట్టారు.

బాబాయి వెనక గోడ దాకా వెళ్లి నిలబడి చూశాడు. ఒక పక్క నుంచి చూశాడు, ఇంకో పక్క నుంచి చూశాడు. తర్వాత మెల్లగా పిన్ని దగ్గరికి వచ్చాడు.

"గొడుగు కనపడట్లేదు" అన్నాడు.

"కనపడట్లేదు" అంది పిన్ని.

"నీకు ముందే తెలుసా?"

"గుడ్డ చూడగానే తెలుసు."

"మరి చెప్పొచ్చుగా."

"చెబితే మీరు మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లిపోయేవాళ్లు."

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. బొమ్మ వంక ఇంకోసారి చూశాడు. అప్పుడు, ఎవరూ అడగకుండానే అన్నాడు: "ఎరుపు వేయాల్సింది. ఇంటికి తీసుకెళ్లి మార్చెయ్. ఎరుపైతే బాగుంటుంది."

పిన్ని గబుక్కున ఆయన వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు నిండాయి, దాచుకోలేదు కూడా. ఆ గదిలో పిల్లలతో సహా అందరికీ తెలుసు, ఎరుపే సరైన రంగని. పెళ్లయినప్పటి నుంచి బాబాయి సరిగ్గా చెప్పిన రంగు అదొక్కటే.

"ఎరుపా?" అంది పిన్ని. "అయితే వద్దు. ఇదే ఉంటుంది."

బాబాయి ముందు తెల్లబోయాడు, తర్వాత నవ్వాడు. టీ కప్పులు పట్టుకుని నవ్విన నవ్వులాంటిది కాదది.

"నువ్వు మారవే" అన్నాడు.

"మారను. మీరు మాత్రం చెప్పడం మానకండి" అంది పిన్ని.