సత్తెవ్వ ఇంటి కొలతలు

పాత గోడను పగలగొడితే లోపలి సున్నం నుంచి ఒక చల్లని వాసన వస్తుంది. మొన్న వరోరాలో గోడ సగం పగలగొట్టి ఉన్న ఒక పాత ఇంటిని కొలవడానికి వెళ్ళినప్పుడు ఆ వాసన తగిలి, పని మరచి కాసేపు నిలబడిపోయాను. పాత ఇళ్ళను కొలిచి నక్షా, అంటే ప్లాను, గీసే ఈ పని నాకు మొదట నేర్పింది సత్తెవ్వ. ఆమె ఒక్క రోజు కూడా బడికి వెళ్ళిన మనిషి కాదు.

మరాఠీ మాట్లాడే చంద్రపూర్‌లో, కోటగోడ లోపలి పాత బస్తీలో సత్తెవ్వది పెద్ద పెంకుటిల్లు. ఆమె మామ మంచిర్యాల వైపు నుంచి వచ్చి, ఇత్తడి గిన్నెల వ్యాపారం చేసి కట్టించాడట. మా నాన్నది పద్మాపూర్ బొగ్గు గనిలో పని. వెనక రెండు గదుల్లో మేము అద్దెకుండేవాళ్ళం. ముందు భాగంలో పిల్లల్లేని సత్తెవ్వ ఒక్కతే ఉండేది. తొంభైల మొదట్లో మా వీధిలో పెంకుటిళ్ళు ఒక్కొక్కటే పోయి అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. నేను పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో, ఇంట్లో సగం వాటా ఉన్న ఆమె మరిది కొడుకు నాగపూర్ నుంచి వచ్చి, కూలగొట్టి ఫ్లాట్లు కడదామన్నాడు. వారం రోజులు ఆమె ఒప్పుకోలేదు. చివరికి సరేనంది. మరునాడు పొద్దున నన్ను పిలిచింది.

"మీ అమ్మ జాకెట్లు కొలిచే టేపు పట్టుకరా బిడ్డా. ఇల్లు పోకముందే కాయితం మీదికి ఎక్కియ్యాలె."

"నాకు గీసుడు రాదవ్వా."

"గీస్తే ఒస్తది. గీయకుంటే ఎట్లొస్తది?"

టేపు ఒక కొస ఆమె పట్టుకునేది, రెండో కొస నేను. ప్రతి గోడ దగ్గరా ఆగి ఏదో ఒకటి చెప్పేది. వంకరగా ఉన్న నడవ గోడను నేను స్కేలు పెట్టి తిన్నగా గీస్తే ఒప్పుకోలేదు. "ఇరై నది పొంగినప్పుడు గీ గోడ కూలింది. పక్కింటి మరాఠీ ఆడోళ్ళు, మేం కలిసి మట్టి తొక్కి లేపినం. మాకు సక్కగ కట్టుడు ఏడొస్తది? ఎట్లున్నదో గట్లనే గియ్యి" అంది. తూర్పు గదిలో నేలమీద కూర్చుని, "గీ అర్రల పదకొండు మంది పుట్టిండ్రు. అందరు కిరాయికున్నోళ్ళ పిల్లలే. నువ్వు గూడ" అంది. అప్పటిదాకా నేను ఆసుపత్రిలో పుట్టాననుకునేదాన్ని. ఆ గది కొలతల కింద నా పేరు మరాఠీలో రాసుకున్నాను. మరాఠీ బడిలో చదివిన నాకు తెలుగు రాయడం అప్పటికి రాదు.

నక్షా పూర్తయ్యాక, నాన్న సెలవు రోజు చూసి, దాన్ని తెచ్చి ఆయన ముందు పరిచింది.

"పదోది అయింది, సాలు అవ్వా. కుట్టు నేర్చుకుంటది" అన్నాడు నాన్న.

"గీ ఇంట్ల పదారేండ్లు ఉన్నవు. ఏ గోడ ఎటు వంగిందో ఎర్కనా నీకు?"

నాన్న తలెత్తి గోడల వైపు చూశాడు.

"నీ బిడ్డకు ఎర్కయింది. దాని సదువు ఆపకు."

నాన్న ఒప్పుకున్నాక, పాలిటెక్నిక్‌లో చేర్పించడానికి కూడా తనే నన్ను తీసుకెళ్ళింది. వరుసలో నిలబడి, సగం మరాఠీ సగం తెలుగు కలిపి గుమాస్తాతో గట్టిగా మాట్లాడుతుంటే, ఎవరైనా వింటున్నారేమోనని నేను దూరంగా జరిగాను. ఆ జరగడం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

దీపావళి తర్వాత ఇల్లు కూల్చారు. ఆమె వీధిలో నిలబడి చూసింది. నేను ఏడుస్తుంటే, "దుమ్ము లేస్తున్నది, చున్నీ అడ్డం పెట్టుకో" అంది, అంతే. కొత్త భవనంలో మూడో అంతస్తులో నాలుగేళ్ళు బతికింది. వేరే అద్దె ఇంటికి మారిన నేను ఎప్పుడు చూడ్డానికి వెళ్ళినా, ఏం కొలిచి వచ్చావని అడిగేది. నేను చెబుతుంటే కళ్ళు మూసుకుని వినేది.

ఇప్పుడు ఏ పాత ఇంటిని కొలవడానికి వెళ్ళినా, ముందు ఆ ఇంట్లో పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని గదులన్నీ తిరుగుతాను. కిందటి నెల ఒక ముసలాయన ఒక గుమ్మం దగ్గర ఆగి, చనిపోయిన చెల్లెలి గురించి గంటసేపు చెప్పాడు. నాతో వచ్చిన కుర్ర ఇంజినీరు గడియారం చూసుకుంటున్నాడు. నేను నక్షా అంచున పెన్సిలుతో అంతా రాస్తూ కూర్చున్నాను. ఆఫీసులో ఆ రాతలు ఎవరూ చదవరని నాకు తెలుసు. నేను రాసుకుంటున్నానని చూసిన ఆ పెద్దాయన మాత్రం, నా పెన్సిలుకు అందేలా నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు.