కుళాయి దగ్గర మాస్టారి గవ్వ

మా పక్కింటి మాస్టారు పోయిన నెల పోయారు. ఆఫీసులో టైపు కొడుతుండగా కబురొచ్చింది. నా వేళ్లకి ఆ పని దొరికిందంటే ఆయన వల్లే, ఒక రకంగా. ఎలాగంటారా, చెబుతాను.

స్టీలు ప్లాంటు పనులు అప్పుడే మొదలైన రోజులు. పోర్టు దగ్గర మా పదిహేడు ఇళ్లకీ ఒకటే కుళాయి, పొద్దున్న గంటసేపే నీళ్లు. మా వాళ్లకి కూలిపనులు ఇప్పించే మేస్త్రిగారి భార్య బిందెలన్నీ నిండాకే మిగతావాళ్లవి. అద్దెకి కొత్తగా దిగినవాళ్లం, మాది ఆఖరు వంతు. మద్దిలపాలెంలో టైపు క్లాసుకి రోజూ బస్సు తప్పేది. ఇంకోసారి ఆలస్యమైతే పరీక్షకి కూర్చోనివ్వం అన్నారు. మాస్టారి అరుగు మీద కూర్చుని ఏడ్చేశాను.

బళ్లో చరిత్ర చెప్పి రిటైరై, ఒంటరిగా ఉంటున్న మనిషి. నా ఏడుపు విని హుషారైపోయారు.

"రెండున్నరవేల ఏళ్ల కిందట ఏథెన్సులోనూ ఇదే గొడవ పిల్లా. పెద్దింట్లో పుట్టినోడిదే పెత్తనం. అప్పుడు సోలన్ అనే ఆయన కొత్త చట్టాలు రాసి, చెక్కల మీద అందరికీ కనబడేటట్టు పెట్టాడు."

ఆదివారానికల్లా కుళాయి పక్కన ఒక పెట్టె చెక్క నిలబడింది, దాని మీద మాస్టారు రాసిన చట్టం. ఇంటికో గవ్వ, గవ్వ మీద ఇంటి నంబరు, అన్నీ ఒక కుండలో. రోజూ చూడకుండా చెయ్యి పెట్టి తీసినప్పుడు ఏ గవ్వ ముందొస్తే ఆ ఇంటి బిందె ముందు.

"మేస్త్రి పెళ్లాన్ని, నాను ఆఖర్న నిలబడాలేటి?" అందావిడ.

"నా గవ్వా అందులోనే ఉందమ్మా," అన్నారు మాస్టారు.

పది రోజులు మార్చబోమని అందరి చేతా ఒట్టు వేయించి, మర్నాడే సంచి పట్టుకుని ఎలమంచిలిలో కూతురింటికి బయల్దేరారు. "నానుంటే పూటకొకళ్లొచ్చి మార్చమంటారు. సోలనూ ఇలాగే పదేళ్లు ఊరొదిలెళ్లిపోయాడు."

ఆ పొద్దున్న మొదటి గవ్వ మాదే! బిందె నింపుకుని పరిగెత్తాను, బస్సు దొరికింది. మూడో రోజు మేస్త్రిగారి భార్య గవ్వ ఆఖర్న వచ్చింది. ఆవిడ చెక్క వైపు ఒకసారి చూసి, బిందె తీసుకుని వెనక్కి వెళ్లి నిలబడింది. నాకు ఈల వేయాలనిపించింది. పరీక్ష రాశాను, ఉద్యోగం వచ్చింది.

పది రోజులకి మాస్టారు తిరిగొచ్చారు, చట్టం ఆ తర్వాతా అలాగే సాగింది. ఆయన గవ్వకి మాత్రం ఎందుకో కలిసొచ్చేది కాదు, ఎప్పుడూ చివర్లోనే. ముందు పట్టుకోమంటే కసిరేవారు. "రాసినోడికే మినహాయింపైతే ఇంకేటి చట్టం?"

ఆయన పోయిన మర్నాడు గవ్వ తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు. మేస్త్రిగారి భార్య కుండలో చెయ్యి పెట్టింది. మొదటి గవ్వ మాస్టారిదే. నేను పక్కన పెట్టబోయాను.

"ఉండవే. వంతు వంతే," అంది. ఆయన అరుగు మీది బిందె తనే తెచ్చి కుళాయి కింద పెట్టింది. అది నిండేదాకా పదహారిళ్లవాళ్లం మా బిందెలతో వెనక నిలబడ్డాం.