చేతికొచ్చిన చిప్పలు

ఆ రోజుల్లో మనిషికి తెలివి లేకపోయినా ఫరవాలేదు, ఉందని నలుగురు నమ్మితే చాలు. ఇప్పుడూ అంతేననుకోండి, కాకపోతే ఇప్పుడు నమ్మించడానికి కాస్త కష్టపడాలి. నాకు మాత్రం హైదరాబాదులో కొన్నాళ్ళుండి రావడమే సరిపోయింది. ఇంటరు తప్పి వచ్చానన్న సంగతి (తప్పింది ఒక్క సబ్జెక్టేనని మా బాపు ఊరంతా చెప్పుకున్నాడు, మిగిలినవి నేను రాయనే లేదని ఆయనకు తెలియదు) ఎవరూ పట్టించుకోలేదు. పట్నం చూసొచ్చిన పిల్లవాడు, వస్తువు మంచీ చెడ్డా ఎరిగినవాడు అని పేరు పడిపోయింది. చెప్పులు కొనాలన్నా, గడియారం కొనాలన్నా నన్ను వెంటబెట్టుకుని పోయేవాళ్ళు. నేను ఆ వస్తువును చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, చివరికి "ఊఁ" అనేవాడిని. ఆ ఒక్క "ఊఁ" మీద నేను చాలాకాలం బతికాను.

అప్పుడే బొగ్గుబాయి ఆఫీసులో గుమాస్తా పని దొరికి, నస్పూర్‌లో మా అక్క ఇంట్లో మకాం పెట్టాను. మా బావ కరీంనగర్ వైపు ఒకప్పుడు పొలాలున్న ఇంటివాడు. బాయిల లోపల పైకప్పు కూలకుండా ఆనించే దుంగలు సరఫరా చేసే కాంట్రాక్టు దొరికితే కుటుంబంతో సహా వచ్చి స్థిరపడ్డాడు. ఆయన ఏ గదిలోకి వచ్చినా మీసం ముందు వచ్చేది, మనిషి వెనక వచ్చేవాడు, బుద్ధి ఒక్కోసారి బయటే ఆగిపోయేది. ఆయన తల్లిని నేను అత్తమ్మ అని పిలిచేవాడిని. చూడటానికి పిడికెడంత మనిషి. ఆమె గొంతు లేస్తే మాత్రం బావ మీసం కొసలు వాటంతటవే కిందికి దిగేవి.

ఆదివారం భోజనాలయ్యాక ముందరి అర్రలో జంపఖానా పరిచి మూడు ముక్కలాట ఆడేవాళ్ళం. బావ, నేను, బడిలో లెక్కల సారు, ఊరి పట్వారీ. పందెం చింతగింజలు. పైసల మాట ఎత్తడానికి ఆ ఇంట్లో వీలు లేదు. ఎందుకంటే మా మామ, అంటే బావ వాళ్ళ బాపు, తరి పొలం, కాడెడ్లు, ఆఖరికి అత్తమ్మ వెండి కడియాలు కూడా ఆ ఆటలోనే పోగొట్టి పోయాడు. ఆ తరువాత పేక విషయంలో ఆమె కొడుక్కి పెట్టిన షరతు ఒక్కటే. "పత్తాలాడితే చింతగింజలతోని ఆడు. అంతకన్న ఎక్కువ నా కండ్లకు కనవడ్డదా, పత్తాలు పొయ్యిల ఏస్త." మేమూ బుద్ధిగా గింజలతోనే ఆడుకునేవాళ్ళం.

అంతలో బావ ఏదో దుంగల పని మీద ఇంజనీరు సాబ్ బంగళాకు పోయి, అక్కడ దొరలు పేకాడుతుంటే కిటికీ పక్కన నిలబడి చూసి వచ్చాడు. (లోపలికి పిలిచారనే చెప్పాడు. కిటికీ సంగతి ఆ బంగళా మాలి చెప్పాడు.) వచ్చినప్పటి నుంచి మనిషికి అన్నం సయించలేదు.

"బామ్మర్దీ, మనం ఆడేదిగూడ ఆటేనారా? గింజలు ముందలేస్కొని కోడిపిల్లల లెక్క కూసుంటున్నం. ఆడ సూడాలె! చిప్స్ అంటరట. ఎర్రయి, పచ్చయి, నీలంయి. ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటె టకటక సప్పుడు. సాబ్‌ను మనింటికి ఆటకు పిలిసిన. వస్తనన్నడు. ఆయన ముంగట చింతగింజలు పోస్తమా? ఇజ్జత్ ఉంటదా?"

సాబ్ నిజంగా అన్నది "చూద్దాం" మాత్రమే. అయినా ఇజ్జత్ మాట వచ్చాక మా ఇంట్లో ఎవరూ ఆలోచించరు. మంచి సరుకు ఎంచే బాధ్యత సహజంగానే నా నెత్తిన పడింది. నేను జన్మలో అలాంటి బిళ్ళను చూసి ఎరుగను. ఆ మాట చెప్పడం నా పేరుకు మంచిది కాదని "ఊఁ" అన్నాను.

ముందు మంచిర్యాల బజారులో కోటు గుండీలు చూశాం. రంగు బాగుంది, సైజు బాగుంది, నడుమ నాలుగు చిల్లులున్నాయి. సాబ్ వేళ్ళకు దారం చుట్టుకుంటుందని బావ భయం. తరువాత నిర్మల్‌లో చెక్క బిళ్ళలు చేయించాం. బొమ్మలు చేసే తేలిక కర్ర అది, ఒక్కో బిళ్ళ మీద నెమలి, అంచున బంగారు రంగు. కళ్ళకద్దుకోవాల్సిన పని. కానీ మా లెక్కల సారు ఒక్క తుమ్ము తుమ్మితే పందెమంతా లేచి పట్వారీ ఒళ్ళో పడింది. పట్వారీ అది తనదేనని వాదించాడు. బిళ్ళకు బరువుండాలని నేను అప్పుడు కనిపెట్టి, అది ముందే తెలిసినవాడిలా మాట్లాడటం మొదలుపెట్టాను. బరువుండాలి, అంచు అరచేతికి తగలకూడదు, రాయి మీద పడితే మోగాలి గాని పగలకూడదు. ఎవరు చెప్పారని ఒక్కడూ అడగలేదు. మావాళ్ళ మంచితనం అంతటిది.

ఆఖరికి రైలెక్కి నాగపూర్ పోయాం. కేవలం పేకాట బిళ్ళల కోసం రాష్ట్రం దాటి పోయిన మూర్ఖులు మా తరువాత ఎవరైనా ఉన్నారేమో తెలియదు, మాకు ముందు మాత్రం ఉండి ఉండరు. దుకాణదారు మఖమలు పరిచిన పెట్టె తెరిచి "అస్సల్ హాడ్" అన్నాడు. బావకు మరాఠీ వచ్చు. "బొక్కతోని చేసినయట" అన్నాడు, మా వైపు ఎముకను బొక్క అంటాం. నేను ఒక బిళ్ళ తీసి బండ మీద వేసి చెవి ఒగ్గి విన్నాను. చెంపకు ఆనించి చల్లదనం చూశాను. ఇంకా ఏం చేయాలో తోచక పళ్ళతో కొరికాను. దుకాణదారు నన్ను, నేను కొరికిన బిళ్ళను మార్చి మార్చి చూశాడు. నేను కళ్ళు మూసుకుని "ఊఁ" అన్నాను. బావ వెంటనే కొనేశాడు.

ఇంటికొచ్చి జంపఖానా మీద పెట్టె తెరిచేసరికి అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"ఏందిరా గవి?"

"చిప్స్ అవ్వా" అన్నాడు బావ, మీసం మీద చెయ్యి వేసి.

"చిప్పలా?" ఆమె పెట్టె మీదికి వంగింది. "పత్తాలాడి పత్తాలాడి ఆఖరుకు చేతికి చిప్ప వచ్చుడు మీ బాపు దగ్గర చూసిన. ఆటకంటె ముందుగాల్నే చిప్పలు కొనుక్కొచ్చుకున్నోళ్ళను మాత్రం మిమ్ముల్నే చూస్తున్న!"

"చిప్పలు గాదవ్వా, చిప్స్."

"నేననేది గూడ గదే. దేనితోని చేసిండ్రు?"

ఇక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. వస్తువు గురించి అడిగేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. "అసలైన బొక్క అత్తమ్మా!" అన్నాను.

"చిప్పలు, అవి గూడ బొక్కలయి! ఇంతకన్న మంచి శకునం యాడ దొర్కుతది!"

మా అక్క కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరుగెత్తింది. మా బావ, ఎంతటి వీరుడో చూడండి, వెంటనే నా వైపు వేలు చూపించాడు. "నాకేం ఎర్క అవ్వా, గీడే ఏరిండు. పండ్లతోని కొరికి మరీ ఏరిండు." అత్తమ్మ తీర్పు అక్కడికక్కడే వచ్చింది. సాబ్‌ను పిలిచారు కాబట్టి ఇజ్జత్ కోసం ఈ ఒక్క ఆదివారం ఆడుకోవాలి. ఆ తరువాత ఆ ఇంట్లో పత్తాలు బందు, ఆ పెట్టె చంకలో పెట్టుకుని నేను బాయి మెస్సుకు పోవాలి. ఆ మెస్సు పప్పు నేను ఒకసారి తిన్నాను. గిన్నె అడుగున ఉన్న సొట్ట కూడా స్పష్టంగా కనబడేంత పలచన. ఆ వారమంతా అక్క వడ్డించిన ప్రతి ముద్దా నాకు కడసారిదిలాగే అనిపించింది.

ఆదివారం అందరం ఉతికిన బట్టలు కట్టుకుని కూర్చున్నాం. సాబ్ కోసం గోడవైపు బాలీసు వేసి జాగ ఉంచాం. సాబ్ బదులు ఆయన జవాను సైకిలు మీద వచ్చి, "సాబ్‌కు పనున్నదట, తీరుతలేదట" అని చెప్పి పోయాడు. బావ ముఖం చూడలేక నేను బిళ్ళలు పేరుస్తూ కూర్చున్నాను.

అత్తమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ బాలీసు దగ్గర కూర్చుంది. "జాగ ఖాళీగ ఎందుకు? నాకెయ్యి."

"నీకేమొస్తదవ్వా?"

"రాకపోతె పోగొట్టుకుంట. మనింట్ల గిది కొత్తనా?"

మేము నవ్వుకున్నాం. ముసలామెను ఒక్క గంటలో ఓడించి పంపితే మనసు మెత్తబడి నా మెస్సు సంగతి మర్చిపోతుందని నా లెక్క. ఆమె మాత్రం ముక్కలు అరకొరగా చూసి ఒళ్ళో పెట్టుకుని, మా ముఖాలు చూస్తూ కూర్చుంది. బావ రెచ్చిపోయి పందెం పెంచితే ముక్కలు పారేసింది, అప్పుడు ఆయన దగ్గర నిజంగానే మంచి ముక్కలున్నాయి. నేను పెంచితే ఊరుకోలేదు, పెంచుతూనే పోయింది, నా దగ్గర ఎప్పుడూ ఏమీ లేదు. నాగపూర్ బిళ్ళలన్నీ ఒక్కొక్కటే టకటకమంటూ ఆమె ముందు పేరుకున్నాయి. చప్పుడు బాగా ఉందని ఆ కష్టంలోనూ నాకు అనిపించింది.

పట్వారీ ఉండబట్టలేక అడిగాడు. "మంత్రమేమన్న ఉన్నదా అమ్మా?"

"మంత్రం లేదు, మశానం లేదు. నా కొడుక్కు మంచి ముక్కలొస్తె మీసం దువ్వుతడు, వాళ్ళ బాపు లెక్కనే. సారు అద్దాలు తుడుస్తడు. నువ్వు దగ్గుతవు. గీ పిలగాని దగ్గర ఏం లేనప్పుడు ఊఁ అంటడు." అందరూ నా వైపు చూశారు. హైదరాబాదు నుంచి మోసుకొచ్చిన పేరంతా ఆ జంపఖానా మీదే పోయింది.

"అయితె ఆట బందేనా అవ్వా?" అన్నాడు బావ నీరసంగా.

ఆమె బిళ్ళలను అరచేత్తో నిమిరింది. "మీ బాపు గన్నేండ్లు ఆడిండు. నేను ఎనుక నిలవడి చాయలు అందిచ్చిన. ఒక్కనాడన్న కూసో అనలే. నేను కూసుంటె నా కడియాలు నాకే ఉండేటియి" అంది. తరువాత గొంతు మామూలు చేసుకుని, "బందు లేదు. వచ్చే ఆదివారం నాకు గూడ ఎయ్యుండ్రి. పిలగాడు గూడ ఈడనే ఉంటడు, నాకు గెలుసుటానికి మనిషి గావాలె" అని లేచింది.

ఇక మా శూరుల సంగతి వినండి. ఆ తరువాతి ఆదివారం ఆమె స్వయంగా జంపఖానా పరిచి, బిళ్ళలు రంగుల వారీగా పేర్చి కూర్చుంటే, లెక్కల సారుకు జ్వరమొచ్చింది. పట్వారీకి ఖానాపూర్‌లో చుట్టాలు పుట్టుకొచ్చారు. బావకు ఆదివారం పూట దుంగలు లెక్కపెట్టే పని పడింది. పైసల్లేని ఆటలో, ఎముక బిళ్ళలు పోగొట్టుకోవడానికి, అదీ ఒక ఆడమనిషి చేతిలో, ఈ మగాళ్ళకు ఇంత భయమా అని నాకు అసహ్యం వేసింది. నేను మాత్రం కూర్చున్నాను. ధైర్యం కాదు, మెస్సు పప్పు. అలా నస్పూర్‌లో ఉన్నన్నాళ్ళూ ఆదివారం ఆదివారం ఇద్దరమే ఆడాం, ప్రతిసారీ నేనే ఓడాను. ఆమె గెలిచినప్పుడల్లా చిన్నపిల్లలా చేతులు చరుచుకునేది. ఆ నవ్వు చూడటం నాకు ఇష్టంగా ఉండేదని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గులేదు.

కొన్నాళ్ళకు నాకు ఆసిఫాబాద్‌లో వేరే ఉద్యోగం దొరికింది. పోయే రోజు పొద్దున పెట్టె సర్దుకుని కూర్చుంటే, ఒక్క ఆట ఆడిపొమ్మంది. నాకు రెండు రాజులు పడ్డాయి. ఈసారి నోరు గట్టిగా మూసుకుని పందెం పెంచాను. ఆమె తన ముక్కలు చూసింది, నా ముఖం చూసింది, ముక్కలు బోర్లా పెట్టేసి కట్టలో కలిపేసింది. "పో పిలగా, గెలిసినవ్" అంది.

నా సంబరం చెప్పలేను. అక్కకు చెప్పాను, బావకు చెప్పాను, బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ ముఖం తెలియని మనిషికి కూడా చెప్పాను. ఆయన పాపం శ్రద్ధగా విని, "ఆమె పత్తాలేమున్నయో నువ్వు చూసినవా?" అని అడిగాడు. చూడలేదు. అంత తెలివైనవాడిని, చూడాలని కూడా నాకు తోచలేదు. ఆయనతో "ఊఁ" అన్నాను.