కొత్త కాకముందే తిన్న ముద్ద

ఆ రోజుల్లో మాకు రాని పని లేదనుకునేవాళ్ళం. నిజానికి మాకు బాగా వచ్చిన పని ఒక్కటే, మీటింగు పెట్టుకోవడం. డుంబ్రిగుడలో మా చర్చి వెనకున్న రేకుల గదిలో ముగ్గురం కలిసి స్టార్టప్ పెట్టాం. కొండ మీద పండే సామలూ రాజ్‌మా శుభ్రం చేసి, పొట్లాలు కట్టి విశాఖపట్నంలో అమ్మడం మా వ్యాపారం. నేను సీయీవో. నాతో చదువుకున్న విశాఖ కుర్రాడు (ఒళ్ళోంచి ల్యాప్‌టాప్ దింపకుండానే టీ తాగేవాడు గనక మాకు అతను ల్యాప్‌టాపే) సీటీవో. సరుకు మోసే జీపు తనది గనక జీపన్న సీవోవో. ముగ్గురం పెద్దలమే అయ్యేసరికి గది ఊడ్చే దిక్కు లేక, ఆ విషయం మీదే రెండు మీటింగులు పెట్టాం. మూడోదానికి జీపన్న చీపురు పట్టుకొచ్చి, "మీరు మాటాడుకోండి, ఈలోగా నేను ఊడ్సేత్తాను" అన్నాడు.

అప్పుడే విశాఖలో ఒక పెద్ద దుకాణం వాళ్ళు కొత్త పంట సామలు ఎన్నాళ్ళలో ఇస్తారని అడిగారు. మా మొదటి పెద్ద ఆర్డరు. నేను ఎవరినీ అడక్కుండా "రెండు వారాల్లో సార్" అనేశాను. మాకు సామలిచ్చే పెద్దమ్మ (చుట్టరికం ఏమీ లేదు గానీ, కొండ మీద తన ఊళ్ళో మాకు మొదట అన్నం పెట్టిన మనిషి) గింజ ఎలా వచ్చిందో చూసుకోమని ఒక దోసెడు మూటకట్టి ఇచ్చింది. "సూడ్డానికేనే గుంటా, ఇంకా కొత్త అవలేదు" అంది. విన్నాను. విని, గదికొచ్చి పాయసం వండి, తింటూ వీడియో తీసి, "ఈ ఏడాది కొత్త సామలు, మొదటి ముద్ద నాదే!" అని స్టేటస్ పెట్టాను.

కొత్త సంగతి మా కొండల్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. పంట ఇంటికొచ్చినా సరే, ముహూర్తాలు పెట్టే పూజారి, దిసారి, రోజు చూసి చెప్పి, ఊరంతా దేవతకి పెట్టుకుని కలిసి తినేదాకా ఆ గింజ ఎవరూ నోట పెట్టరు, అమ్మరు. ఇక్కడే పుట్టి పెరిగిన నేను మార్కెటింగు పాఠాలు చదివి సరిగ్గా అదే మరిచిపోయాను. తెల్లారేసరికి ఊళ్ళో కుర్రాళ్ళ ఫోన్ల నిండా నా ముద్దే. "గింజ బయటికిచ్చింది నువ్వేనా?" అని ఊరు పెద్దమ్మను నిలదీస్తోందని జీపన్న కబురు తెచ్చాడు. ఆర్డరు పోతే ఇంకోటి వస్తుంది, నా మూలంగా ఆవిడ ఊళ్ళో తలెత్తుకోలేకపోతే? ఇంట్లో అమ్మ సంగతి సరేసరి. "చర్చిలో కోత పండక్కి ప్రథమ ఫలాలు దేవుడికియ్యాలని సిన్నప్పట్నుంచీ నేర్పితే, నువ్వు సెల్‌ఫోనుకి పెట్టినావేటే!"

ముగ్గురం కొండెక్కాం. దిసారి తాత అరుగు మీద ల్యాప్‌టాప్ తన ల్యాప్‌టాప్ తెరిచి, ఎంతో వినయంగా, "పండగ నాలుగు రోజులు ముందుకి జరిపితే మా డెడ్‌లైన్ అందుకుంటాం తాతగారూ" అన్నాడు.

"ఆ డెడ్‌లైను ఎవులు పెట్టినారు?"

"మేమేనండి."

"మరయితే మీరే జరుపుకోండి."

జీపన్న నవ్వాపుకోలేక జీపు చూసొస్తానని వెళ్ళిపోయాడు. "పెద్దమ్మ తప్పేం లేదు తాతా. చూడ్డానికే ఇచ్చింది. తిన్నది నేను" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ముందు తిన్నావు గదా. పండగనాడు ఊరందరికీ నీళ్ళు మొయ్యి. ఆకర్న తిను" అన్నాడు. దుకాణం వాళ్ళకి ఉన్నదున్నట్టు చెబితే, మీ పండగల కోసం మేం ఆగాలా అని ఆర్డరు రద్దు చేశారు.

పండగనాడు పొద్దుటినుంచీ ఊట దగ్గర్నుంచి నీళ్ళు మోశాను (సీయీవో పదవిలో నేను నిజంగా ఒళ్ళు వంచింది ఆ రోజే). ల్యాప్‌టాప్ మారు అడిగి మరీ తిన్నాడు. పిల్లలు "అక్కా, ఈయాల వీడియో తియ్యవేటి?" అని ఒకటే నవ్వు. అందరూ తిని లేచాక ఓ మూల నా అడ్డాకు వేసుకుని కూర్చున్నాను. పెద్దమ్మ వచ్చి నా పక్కనే ఇంకో ఆకు పరుచుకుంది.

"నువ్వింకా తినలేదా పెద్దమ్మా?"

"తిన్నది నువ్వయితే ఇచ్చింది నేను కాదేటే? బేగి తిను, ఆకలేస్తంది."

నాకు ఏడుపొచ్చేసింది. పొయ్యి పొగ అన్నాను. పొయ్యి ఆరిపోయి అప్పటికి చాలాసేపయింది.

కంపెనీ తర్వాత ఎలాగో నిలదొక్కుకుంది. ఇప్పుడు నన్ను చివర తినమనేవాళ్ళు ఎవరూ లేరు. అయినా ప్రతి ఏడూ కొత్తల పండక్కి వెళ్ళి నా అంతట నేనే చివర కూర్చుంటాను. పెద్దమ్మ ముసలిదైపోయింది, ఆకలికి ఆగలేదు. తను ముందే తినేసి వచ్చి నా పక్కన చేరగిలబడి, "బేగి తినవే! జుట్టు నెరుస్తంది గానీ బుద్ధి రాలేదు" అని తిడుతుంది. నేను ఆ ముద్దలూ ఆ తిట్లూ తీరిగ్గా తింటాను.